ఇంకా

ఓక్లండ్‌లో నా జీతం
ఒకటో తారీఖున పుట్టి
మూడో తారీఖుకి కాలం చేసేది.
మిగతా నెలంతా
దాని కర్మకాండ జరిపిస్తూ ఉండేదాన్ని.

అద్దె ఇంట్లో ఒక గది నాది.
పక్క గదిలో రాత్రి డ్యూటీ నర్సు,
హాల్లో పరదా వెనక
వయొలిన్లు బాగుచేసే మనిషి.
ఫ్రిజ్‌లో నా సీసా మీద నా పేరు, మర్లీస్,
గుర్తుండడానికి కాదు,
పాలు మిగలడానికి.

నలభై రెండేళ్ళు నాకు.
పిల్లలకి చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పడానికి
మాస్టర్స్ చదివాను,
ఆ అప్పు ఇంకా కడుతున్నాను.

ఒక రాత్రి లాండ్రీలో
డ్రయ్యర్ మీద లాప్‌టాప్ పెట్టుకుని
అద్దెలు తక్కువున్న ఊళ్ళు వెతికాను.
టొలీడో, ఒహాయో.
రెండు పడకగదుల ఇల్లు,
నా ఒక్క గది అద్దెలో సగానికి.
స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లు కావలెను, కావలెను, కావలెను...
డ్రయ్యర్ ఆగిపోయింది,
జాబితా ఆగలేదు.

ఫోన్ ఇంటర్వ్యూ పదకొండు నిమిషాలు.
ప్రిన్సిపాల్ కోవల్చిక్ గారి మొదటి ప్రశ్న:
"ఎప్పుడు చేరతారు?"
రెండో ప్రశ్న లేదు.
నేనే అడిగాను,
నా ముందున్నావిడ ఎందుకు మానేసిందని.
అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు.
"ఎవరి గురించి అడుగుతున్నారు?
ఈ ఏడాదే ముగ్గురు."

పదహారేళ్ళ అనుభవాన్ని కాగితాల్లో చుట్టి పంపితే
ఇంకో కాగితం కావాలన్నారు.
కాలిఫోర్నియాలో ఇచ్చిన వేలిముద్రలు
అక్కడ చెల్లవట.
అవే వేళ్ళు
మళ్ళీ అద్దాం.

అన్నిటికన్నా కష్టం, ఒమారికి చెప్పడం.
తొమ్మిదేళ్ళు. మాట లేదు,
మెళ్ళో బొమ్మ కార్డుల పుస్తకం ఉంది.
అందులో బస్సు ఉంది, ఇల్లు ఉంది, 'అయిపోయింది' ఉంది.
మనిషి వెళ్ళిపోవడానికి కార్డు లేదు.
నా కారు బొమ్మ గీసి, ప్లాస్టిక్ అంటించి,
చివరి శుక్రవారం చేతికిచ్చాను.
చాలాసేపు చూశాడు.
ఇష్టం లేనివి పెట్టుకునే సంచిలో
దాన్ని పెట్టేశాడు.
తర్వాత 'ఇంకా' కార్డు తీశాడు,
వేళ్ళ కొనలు కలిపిన రెండు చేతుల బొమ్మ.
ఉయ్యాల కావాలన్నా అదే, బిస్కెట్ కావాలన్నా అదే.
ఈసారి దేన్నీ చూపించలేదు.
కార్డు నా అరచేతిలో పెట్టి నిలబడ్డాడు.

నేనొక బిస్కెట్ ఇచ్చాను.
సిగ్గుపడుతూనే చెబుతున్నా,
బిస్కెట్ ఇచ్చాను.

టొలీడో ఇంట్లో వంటగది తలుపు చట్రానికి
పెన్సిల్ గీతలు, ఎవరో పిల్లవాడి ఎత్తులు.
డ్వెయిన్, ఆరేళ్ళు. డ్వెయిన్, ఏడు.
ఎనిమిదో గీత లేదు.
గాజు ఫ్యాక్టరీ మూసేసిన ఏడాది
వీధిలో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయట.
ఈ ఊరు చవక అని చదివినప్పుడు
ఎవరి ఖర్చు మీద అని
నేనూ ఆలోచించలేదు.
చట్రానికి రంగు వెయ్యనా అని ఓనరు అడిగితే
వద్దన్నాను.
ఆ సాయంత్రం పెద్ద డబ్బా పాలు కొన్నాను.
పేరు రాయలేదు.

ఇచ్చిన తరగతి గది మొన్నటిదాకా సామాన్ల గది.
జాబితాలో ఇరవైరెండు మంది, కుర్చీలు పద్నాలుగు.
బల్ల కింద ఒక పిల్ల. బ్రెన్లీ.
ముగ్గురినీ కరిచిందని
పక్క గది టీచరు ముందే హెచ్చరించింది.
నేలమీద కూర్చున్నాను, కొంచెం దూరంగా.
బల్ల కిందినించి ఒక బూటు వచ్చి పడింది.
లోపలికి తోశాను.
మళ్ళీ వచ్చింది.
తోశాను.
తొమ్మిది సార్లు.
పదోసారి రాలేదు.
మధ్యాహ్నం గంట కొట్టారు,
కారిడార్ నిండి, ఖాళీ అయింది.
బూటు లోపలే ఉంది.
నేనింకా నేలమీదే ఉన్నాను.